పిన్నీసు పెట్టిన పేజీ

మా మామయ్యను వీధిలో అందరూ కల్నల్ అంటారు. ఆయన జీవితంలో పట్టుకున్న ఆయుధాల్లోకెల్లా పెద్దది కాలర్లు రుద్దే బ్రష్షు. బొద్దింక కనపడితే కుర్చీ ఎక్కుతాడు. అయినా ఏ సైన్యం ఏ నది దగ్గర ఎందుకు ఆగిపోయిందో, ఏ సేనాపతి మంచు పడే ముందు వెనక్కి తిరగకుండా ఎలా మొండికేసి చెడిపోయాడో ఆయన్ని అడగండి. తువ్వాలు భుజాన వేసుకుని, ఇంటికొచ్చిన చుట్టం సంగతి చెప్పినట్టు చెబుతాడు.

ఆయనకూ మా అత్తయ్యకూ రైల్వే స్టేషన్ వెనక వీధిలో ఒక లాండ్రీ ఉంది. ముందు కౌంటర్, దాని వెనక పాత దుప్పట్లు మడతలు వేసి, పైన తెల్లటి గుడ్డ బిగించిన పొడవాటి ఇస్త్రీ బల్ల. బల్ల మీదుగా పైపుతో వేలాడే ఆవిరి ఇస్త్రీపెట్టె. వెనక గదిలో రెండు వాషింగ్ మెషీన్లు. అందులో ఒకటి నీళ్ళు పిండే వేళకి పూనకం వచ్చినట్టు ఊగుతూ గోడ దాకా నడిచి వెళ్తుంది. దాన్ని మామయ్య రోజూ తోసుకొచ్చి మళ్ళీ యథాస్థానంలో పెడతాడు. బట్టలు తీసుకోవడం, గుర్తులు కట్టడం, ఉతకడం, మడతపెట్టడం ఆయన పని. ఇస్త్రీ అత్తయ్యది. ఆ పెట్టెని ఆవిడ ఇంకెవరినీ ముట్టుకోనివ్వదు. ముప్పై ఏళ్ళుగా ఒక్క బట్ట కాల్చలేదని ఆవిడకి గర్వం. గర్వపడే హక్కు కూడా ఉంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బళ్ళు వదిలే దాకా ఆ కొట్టుకి ఎవరూ రారు. మామయ్యకి పని ఉండదు, అత్తయ్యకి పని తెమలదు. అందుకని ఆయన బల్ల చివర ఎత్తు స్టూలు మీద కూర్చుని యుద్ధాల పుస్తకం తీసి పైకి చదువుతాడు, ఆవిడ ఇస్త్రీ చేస్తూ వింటుంది. పెళ్ళయిన కొత్తల్లో మొదలైన అలవాటు. అత్తయ్యకి చదువు రాక కాదు. ఆవిరికి కళ్ళద్దాలు మసకబారతాయి, చేతులు ఖాళీ ఉండవు, పైగా "ఆయన చదివితే సినిమా, నేను చదివితే కరెంటు బిల్లు" అంటుంది.

ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. పుస్తకంలో మాటలు మామయ్య నోట్లోంచి వచ్చేసరికి ఇంటి మాటలైపోతాయి. చక్రవర్తితో సేనాపతి, "అయ్యా, గుర్రాలకి గడ్డి లేదు, మనుషులకి చెప్పుల్లేవు, మీరేమో ముందుకు పదమంటారు, ఎలా పదమంటారు?" అని మొరపెట్టుకుంటాడు. అత్తయ్య ఊరికే వినే రకం కాదు. సేనాపతుల్ని ఆవిడ బట్టల్ని బట్టి తూస్తుంది. అంతమందిని అంత దూరం తోలుకెళ్ళినవాడు మార్చుకోవడానికి రెండో జత సాక్సులు పట్టుకెళ్ళాడా లేదా? పట్టుకెళ్ళకపోతే వాడు ఎన్ని కోటలు గెలిచినా ఆవిడ లెక్కలో దద్దమ్మే.

నాకు యుద్ధాలంటే పడదు. నేను పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పని చేస్తాను, సాయంత్రం షిఫ్టు. నొప్పితో మూలిగేవాళ్ళని రోజూ చూస్తున్నదాన్ని, డబ్బు పెట్టి పుస్తకం కొని మరీ మూలుగులు వినాల్సిన ఖర్మ నాకేమిటని నా వాదన. ఒకసారి మామయ్యని నిలదీశాను. దూరపు కొండలు నునుపని మీకు యుద్ధాలు ముద్దొస్తున్నాయి, ఒక్క రోజు అక్కడుంటే తెలుస్తుంది అన్నాను. ఆయన నొచ్చుకోలేదు.

"అక్కడ ఉండనక్కర్లేకపోవడమే కదమ్మా ఇందులో ఉన్న సుఖం," అన్నాడు. "గుండెలు అదిరిపోయేలా ఒక అధ్యాయం చదువుతానా, తలెత్తి చూస్తే ఏముంటుంది? చొక్కాలు వేలాడుతుంటాయి. మీ అత్తయ్య చేతులు ఆడుతుంటాయి. అమ్మయ్య అనిపిస్తుంది. ఆ అమ్మయ్య కోసం చదువుతాను."

అప్పుడు నవ్వాను కానీ, ఆ మాట నాలో ఉండిపోయింది.

ఇక వంటాయన సంగతి. పాత పుస్తకాల కొట్టాయన మామయ్య కోసం ఒక నవలల వరుస తెచ్చి పెడుతుండేవాడు, దొరికినప్పుడు ఒకటి చొప్పున. అన్నీ ఒకే పటాలం కథ. అందులో బట్టతల వంటవాడు ఒకడుంటాడు. పెద్ద నల్లటి డేగిసా వీపుకి కట్టుకుని పటాలం వెనకాలే నడుస్తాడు. గుళ్ళు పడుతున్నా పొయ్యి వెలిగిస్తాడు. అధికారులు వచ్చి కంగారుగా ఆజ్ఞలిస్తుంటే, "ముందు తినండి, తర్వాత చావండి" అంటాడు. అత్తయ్యకి వాడంటే ప్రాణం. ఆ పుస్తకాల్లో పని చేసేవాడు వాడొక్కడేననీ, తక్కినవాళ్ళంతా చేసిన పని చెడగొట్టేవాళ్ళేననీ ఆవిడ అభిప్రాయం. మామయ్య పుస్తకం తెరిస్తే చాలు, "వంటాయన ఎలా ఉన్నాడు?" అని అడుగుతుంది. బాగానే ఉన్నాడని మామయ్య చెబుతాడు. అప్పుడు గానీ ఆవిడ ఇస్త్రీపెట్టె ముందుకి కదలదు.

మొన్న చలికాలంలో మామయ్య గొంతు బొంగురుపోయింది. జలుబన్నారు, కషాయాలన్నారు, తగ్గలేదు. చివరికి నేను పోరు పెట్టి గొంతు డాక్టరు దగ్గరికి పంపాను. కొట్టు మూయడానికి వీల్లేక అత్తయ్య వెళ్ళలేదు, ఆయనొక్కడే వెళ్ళి వచ్చాడు. స్వరపేటిక మీద చిన్న కండ పెరిగిందిట. ఆపరేషన్ చేసి తీసేస్తారుట, తీసినదాన్ని పరీక్షకి పంపుతారుట. "భయపడాల్సిందేమీ లేదు, అందరికీ పంపుతారు అన్నాడు డాక్టరు," అని ఇంటికొచ్చి చెప్పాడు. ఆపరేషన్ అయింది. ఇంటికి పంపిస్తూ, నోరు విప్పి ఒక్క మాట కూడా ఆడకూడదు, గుసగుస కూడా పనికిరాదు, మళ్ళీ చెప్పేదాకా మౌనమే అన్నారు. పరీక్ష ఫలితం రావడానికి రెండు వారాలు పడుతుందన్నారు.

ఆ రెండు వారాలూ మధ్యాహ్నాలు చదివిపెట్టే డ్యూటీ నా మెడకి చుట్టుకుంది. అత్తయ్య నోరు తెరిచి అడగలేదు. చదువు వినపడని మొదటి మధ్యాహ్నం ఆవిడ ఒకే చొక్కాని మూడుసార్లు ఇస్త్రీ చేయడం కళ్ళారా చూశాను. ఆ పరీక్ష గురించి ఆలోచించకుండా ఆవిడ చెవులకి ఏదో ఒకటి కావాలి. సరేనని మామయ్య స్టూలు ఎక్కాను. ఆయన పక్కన కుర్చీలో, ఒళ్ళో పలకా చేతిలో బలపం పట్టుకుని, ఒకటో తరగతిలో కొత్తగా చేరినవాడిలా కూర్చున్నాడు.

గుర్తు పెట్టిన చోటు నుంచి చదవడం మొదలుపెట్టాను. ఆ వరుసలో అది ఆఖరి పుస్తకం. ఒక పేజీ అయ్యేసరికి అత్తయ్య అడిగింది.

"వంటాయన ఎలా ఉన్నాడు?"

ఇక్కడ వంటాయన ఎవరూ లేరన్నాను. పేజీలు అటూ ఇటూ తిప్పి చూశాను కూడా. ఇంకా రాలేదేమో అన్నాను. "ఎప్పుడూ మొదట్లోనే వస్తాడే," అంది అత్తయ్య, పెట్టె ఆపి. కుర్చీలో మామయ్య ఉన్నట్టుండి తేలు కుట్టినవాడిలా కదిలాడు. ఆవిడ వెనక నుంచి పలక ఎత్తి చూపించాడు. "రప్పించు" అని రాసి ఉంది. నాకేం అర్థం కాలేదు. ఆయన రెండు చేతులూ జోడించాడు. ఆ ముఖం చూసి, పుస్తకంలోకి తల దూర్చి, "అప్పుడే వంటాయన వచ్చి పొయ్యి వెలిగించాడు," అని చదివాను. లేనిది ఉన్నట్టు చదవడం నా జన్మలో అదే మొదలు. అత్తయ్య తృప్తిగా పెట్టె కదిపింది.

ఆ సాయంత్రం బస్టాపు దాకా దిగబెడతానన్నట్టు సైగ చేసి మామయ్య నా వెంట వచ్చాడు. దారి పొడవునా పలక మీద రాయడం, నేను చదవడం, మోచేత్తో తుడిచి మళ్ళీ రాయడం. వచ్చేపోయేవాళ్ళు మమ్మల్ని చూసి ఏమనుకున్నారో దేవుడికెరుక. నాకు అర్థమైన సంగతి ఇది. ఆ వంటాయన రెండో పుస్తకంలోనే చనిపోయాడు. మామయ్య ఆ పేజీకి వచ్చిన వారమే అత్తయ్య వాళ్ళమ్మ, అంటే మా నాయనమ్మ, పోయింది. ఏడ్చి ఏడ్చి అత్తయ్య అప్పుడే మళ్ళీ ఇస్త్రీ బల్ల దగ్గరికి వచ్చింది. "వంటాయన ఎలా ఉన్నాడు?" అని అడిగింది. ఈయనకి నోరు రాలేదు. బట్టలకి గుర్తు గుడ్డలు కట్టే పిన్నీసు ఒకటి తీసి ఆ పేజీకీ పక్క పేజీకీ కలిపి గుచ్చేసి, ముందుకి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులాగి చెబుదామనుకున్నాడు. నాలుగు రోజులు నాలుగేళ్ళయ్యాయి, తర్వాత ఎలా చెబుతాడు?

చావాల్సినవాణ్ణి బతికించడం తేలికే, బతికినవాణ్ణి సాకడమే కష్టం. ఆ తర్వాతి పుస్తకాలన్నిట్లో వంటాయన్ని మామయ్యే నడిపించాడు. ప్రతి యుద్ధంలో అతనికొక చోటు, నాలుగు మాటలు, వండడానికేదో ఒకటి. నవలలతో ఆగినా బాగుండేది. నిజం చరిత్ర పుస్తకాలు చదివినప్పుడు కూడా అత్తయ్య ఆశగా చూసేది. ఆ చూపుకి కరిగిపోయి, వందేళ్ళ కిందటి ముట్టడిలో వంటాయన తాతని పెట్టాడు. ఇంకో యుద్ధంలో మేనమామని పెట్టాడు. మా వీధిలో ఒక రిటైర్డ్ హిస్టరీ మాస్టారున్నారు. ఒకసారి ఆయన కోటు ఇచ్చి ఏదో పాత ముట్టడి గురించి మాట్లాడుతుంటే, ఆ కోట లొంగిపోకపోవడానికి అసలు కారణం వంటవాడు పిండి దాచిపెట్టడమేనని అత్తయ్య గట్టిగా చెప్పిందిట. మాస్టారు ఇంటికెళ్ళి ఉన్న పుస్తకాలన్నీ తిరగేశారుట. ఆ సంగతి పలక మీద రాస్తూ మామయ్య నవ్వాడు, శబ్దం రాకుండా.

నాకు ఒళ్ళు మండింది. ఇంత వయసొచ్చిన మనిషికి ఒక కథలో వంటవాడు పోయాడని చెప్పలేకపోవడమేమిటి? ఆవిడేమైనా పసిపిల్లా? అదే అన్నాను. మామయ్య పలక తుడిచి, "పరీక్ష వచ్చేదాకా చంపకు" అని రాశాడు. భయపడాల్సిందేమీ లేదని ఇంట్లో అందరికీ చెప్పిన మనిషికి కూడా లోపల భయమేనని నాకు అప్పుడు తెలిసింది.

అలా నేను కూడా వంటాయన్ని సాకడం మొదలుపెట్టాను. తల ప్రాణం తోకకొచ్చింది. కల్పించడం నాకు చేతకాదు. నా వంటాయన రోజూ సూపే చేసేవాడు. రోజూ పొయ్యి వెలిగించి, "తినండి" అని వెళ్ళిపోయేవాడు. అత్తయ్య రెండ్రోజులు చూసి, "వంటాయనకి ఒంట్లో బాగాలేదా, మాటా పలుకూ లేదు?" అంది. మామయ్య పలక మీద మాటలు అందించడం మొదలుపెట్టాడు. ఆవిడ చొక్కా తిప్పడానికి వంగినప్పుడల్లా పలక పైకి లేచేది. "కల్నల్‌ని తిట్టించు." "ఉప్పు అయిపోయిందను." నేను చదివేదాన్ని. అబద్ధం చెప్పకూడదు గానీ, నాకు కూడా సరదా పుట్టింది. ఒక రోజు పలక చూడకుండానే వంటాయన చేత ఒక కెప్టెన్‌కి మొట్టికాయ వేయించాను. అత్తయ్య నవ్వు విని పక్క కొట్టువాళ్ళు తొంగి చూశారు.

ఒక బుధవారం మామయ్య ఆస్పత్రికి వెళ్ళాడు, గొంతు మానిందో లేదో చూపించుకోవడానికి. ఆ మధ్యాహ్నం కొట్లో అత్తయ్యా నేనే. ముందు రోజు క్లినిక్‌లో రద్దీ ఎక్కువై నాకు సరిగా నిద్ర లేదు. పలక లేదు, ముందు వాక్యం చూసుకుని చదివే ఓపిక లేదు. కళ్ళు ఎక్కడికి పోతే నోరు అక్కడికి పోయింది. పటాలంలో మిగిలినవాళ్ళు ముసలివాళ్ళయ్యాక ఒక నది దగ్గరికి తిరిగి వస్తారు. అందులో ఒకడు గట్టు మీద నిలబడి అంటాడు. నేను గడగడా చదివేశాను, "ఇదిగో, మన వంటాయన్ని పాతిపెట్టింది ఇక్కడే. ఇన్నేళ్ళయినా అలాంటి సూపు మళ్ళీ తాగలేదు."

చదివాక గానీ ఏం చదివానో నాకు తెలియలేదు.

తలెత్తి చూస్తే అత్తయ్య నన్నే చూస్తోంది. పెట్టె కదలడం లేదు. అది వేరే వంటాయనేమో అన్నాను. నా గొంతు నాకే నమ్మబుద్ధి కాలేదు. అంతలో కాలిన వాసన వేసింది. అత్తయ్య పెట్టె ఎత్తేసరికి హిస్టరీ మాస్టారి తెల్ల చొక్కా వీపు మీద గోధుమరంగు మరక, పెట్టె ఆకారంలో, అచ్చు గుద్దినట్టు. ముప్పై ఏళ్ళలో మొదటిది. ఆవిడ దానివైపు కూడా చూడలేదు.

"ఎప్పుడు పోయాడు?" అంది.

ఇక దాచి లాభం లేదు. రెండో పుస్తకంలో, ఆ పేజీకి మామయ్య పిన్నీసు గుచ్చేశాడు అన్నాను. ఆ వారం ఏ వారమో కూడా చెప్పాను, కనీసం ఆ కారణం విని మెత్తబడుతుందని. మెత్తబడలేదు. స్విచ్చి ఆపి, బల్ల చివర పట్టుకుని నిలబడింది.

"అన్నేళ్ళ నుంచి చచ్చినవాణ్ణి రోజూ బతికి ఉన్నాడని చెప్పాడు. నేను నమ్మాను. ఇప్పుడు గొంతులో ఏమీ లేదు, భయపడొద్దు అన్నాడని డాక్టరు మాట నాకు చెప్పింది ఎవరు? ఆయనే కదా. నేను విన్నానా?"

వంటవాడి గురించి ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ ఆలోచన అంత దూరం పోతుందని కలలో కూడా అనుకోలేదు. కానీ కాదనడానికి నా దగ్గర మాత్రం ఏముంది? డాక్టరు మాట నేనూ వినలేదు.

మామయ్య మెట్లెక్కుతూనే మా ముఖాలు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. అత్తయ్య అరవలేదు. ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, డాక్టరు నిజంగా ఏమన్నాడని. ఆయన గబగబా పలక మీద "నిజంగా ఏమీ లేదన్నాడు" అని రాసి చూపించాడు. "రాసేదీ మీరే, చదివి వినిపించేదీ మీరే," అంది ఆవిడ. పలక కిందపెట్టి ఆయన నోరు తెరవబోయాడు. ఒక్క మాట మాట్లాడితే కోసిన చోటు పాడవుతుంది. అత్తయ్య ఒక్క అంగలో వెళ్ళి ఆయన నోటి మీద అరచెయ్యి పెట్టేసింది.

"మాట్లాడితే ఊరుకోను," అంది, కళ్ళనిండా నీళ్ళతో.

ఆయన కుక్కిన పేనులా నిలబడిపోయాడు. ఆ చెయ్యి చాలాసేపు అలాగే ఉంది. కోపంగా పెట్టిందో, ప్రేమగా పెట్టిందో నేను చెప్పలేను. రెండూ ఒకే చెయ్యి.

తర్వాత ఆ కొట్లో చదువు లేదు. నన్ను రావద్దని ఎవరూ అనలేదు. వెళ్ళి స్టూలు మీద కూర్చునేదాన్ని, పుస్తకం తెరిచేదాన్ని కాదు. ఆవిరి బుస్సుమనడం, మెషీన్ గోడని కొట్టుకోవడం, అంతే. అత్తయ్య ఇస్త్రీ చేసిన ప్యాంట్ల మడతలు ఆ రోజుల్లో కూరగాయలు తరగొచ్చన్నంత పదునుగా ఉండేవి. ఇంట్లో ఆయనకి వేళకి అన్నీ అందేవి. మెత్తగా వండిన అన్నం, గోరువెచ్చటి నీళ్ళు, మందులు, మెడకి మఫ్లరు. ఒక్క చూపు మాత్రం అందేది కాదు. హిస్టరీ మాస్టారు చొక్కా కోసం వస్తే, కాల్చానని ఆవిడే చెప్పి కొత్తది ఇచ్చింది. ఆ ముట్టడిలో పిండి దాచిన వంటవాడు కూడా లేడని, అదంతా మావారి కల్పన అని చెప్పింది. మాస్టారు కొత్త చొక్కా చంకన పెట్టుకుని, "పోనీలెండమ్మా, ఎవడో ఒకడు దాచే ఉంటాడు," అని వెళ్ళిపోయారు.

ఫలితం వచ్చే రోజు అత్తయ్య కొట్టుకి తాళం వేసింది. పెళ్ళికో చావుకో తప్ప పనిరోజున అది మూతపడటం నేనెరుగను. ముగ్గురం బస్సెక్కాం. వాళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, మధ్యలో ఆవిడ చేతిసంచి. ఆస్పత్రి బెంచీ మీద మామయ్య పలక కూడా బయటికి తీయలేదు. చేతులు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని గోడకేసి చూస్తున్నాడు. ఎన్నో సైన్యాలు తెల్లారబోయే యుద్ధం కోసం కాచుకుని ఉండటం చదివి ఉంటాడు. ఈసారి తలెత్తితే చొక్కాలు లేవు. నాకు ఆయన్ని చూస్తే ఏడుపొచ్చింది.

మామయ్యని చూసే డాక్టరు ఆ రోజు లేడు, ఆయన బదులు ఒక డాక్టరమ్మ పిలిచింది. వయసులో చిన్నదే, చల్లటి ముఖం. కవరు విప్పి, కాగితం చూసి, నవ్వుతూ ఏదో చెప్పబోయింది. అత్తయ్య చెయ్యెత్తింది.

"మీరు చెప్పకండి డాక్టరుగారూ. ఏమీ అనుకోకండి. మంచివాళ్ళు మంచితనం కొద్దీ మాటలు మారుస్తారు, నాకు బాగా తెలుసు. ఆ కాగితం ఈ పిల్లకివ్వండి."

డాక్టరమ్మ ఆశ్చర్యపోయినా ఇచ్చింది. అత్తయ్య నావైపు తిరిగింది.

"నీకు కల్పించడం రాదు. అందుకే నిన్ను తీసుకొచ్చాను. ఉన్నది ఉన్నట్టు చదువు. ఒక్క ముక్క దాటేశావంటే మళ్ళీ నా గడప తొక్కొద్దు."

చదివాను. పళ్ళ డాక్టరు దగ్గర ఇలాంటి కాగితాలు చూసి చూసి ఆ ఇంగ్లీషు మాటలకి అర్థాలు నాకు తెలుసు. అయినా వేలు పెట్టుకుని, పైన ఉన్న పేరూ వయసూ దగ్గర్నుంచి మొదలుపెట్టాను. పంపిన ముక్క ఎంత ఉంది, రంగేమిటి, దేంట్లో ముంచారు, ఎలా కోశారు. చివరి పేరాకి వచ్చాను. స్వరాన్ని ఎక్కువగా వాడటం వల్ల పెరిగిన మామూలు కండ. క్యాన్సర్ లక్షణాలు ఎక్కడా కనపడలేదు.

"మళ్ళీ చదువు," అంది అత్తయ్య. మళ్ళీ చదివాను.

"పేజీ తిప్పు. వెనకేముంది?"

తిప్పి చూపించాను. వెనక ఏమీ లేదు. తెల్లకాగితం. అత్తయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, కాగితం తన చేతుల్లోకి తీసుకుని, ఆ తెల్లటివైపుని చాలాసేపు చూసింది. వెలుగుకి ఎత్తి కూడా చూసింది. పిన్నీసు గుచ్చిన కన్నాల కోసమేమో. తర్వాత మామయ్య భుజం మీద తల పెట్టేసింది. ఆయన కళ్ళు తుడుచుకుంటూ పలక కోసం వెతుక్కున్నాడు. నేను సంచిలోంచి తీసి ఇచ్చాను. "అమ్మయ్య" అని రాశాడు.

ఎక్కువగా వాడటమంటే ఎలాగని డాక్టరమ్మ అడిగింది, ఆయన టీచరా, పాటగాడా అని. ఆవిరి చప్పుడు మీద, మెషీన్ మోత మీద వినపడేలా రోజూ గంటల తరబడి యుద్ధాలు చదువుతాడని నేను చెప్పాను. ఇకమీదట రోజూ కాసేపే, అదీ మెల్లగా అంది ఆవిడ. మెషీన్ ఆపేసుకోమంది. బస్సులో తిరిగొస్తుంటే చేతిసంచి మధ్యలో లేదు, అత్తయ్య ఒళ్ళో ఉంది. రెండు స్టాపులు దాటకముందే ఆవిడ నోరు తెరిచి నిద్రపోయింది. ఎన్ని రోజుల నిద్రో అది. తల అద్దానికి కొట్టుకోకుండా మామయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. మా స్టాపు వచ్చినా లేపడానికి మనసొప్పక తర్వాతి స్టాపులో దిగి నడిచాం.

మాట్లాడొచ్చని చెప్పిన రోజు మధ్యాహ్నం నేనూ వెళ్ళాను. మెషీన్ ఆపేశారు. స్టూలు బల్లకి దగ్గరగా జరిగి ఉంది. మామయ్య నోరు తెరిస్తే గొంతు నూనె లేని తలుపులా కిర్రుమంది. ఆఖరి పుస్తకం తీయబోతే అత్తయ్య వద్దంది. అలమారలోంచి రెండో పుస్తకం తనే తీసి ఆయన ముందు పెట్టింది.

"ముందు ఆ పేజీ," అంది.

పిన్నీసు తుప్పు పట్టింది. ఊడదీస్తే కాగితం మీద గోధుమరంగు గీత మిగిలింది. మామయ్య ఆవిడ ముఖం చూశాడు, నా ముఖం చూశాడు. ఈసారి పుస్తకం మాటల్నే చదివాడు, ఒక్కటి కూడా మార్చకుండా. పటాలం నది దాటి వెనక్కి వస్తోంది. అందరూ దాటేశారు. వంటాయన డేగిసా ముందు బండి ఎక్కించి, పొయ్యి మీద వదిలేసిన గరిటె కోసం వెనక్కి వెళ్ళాడు. ఒక గుండు వచ్చి వంతెన చివర పడింది. అంతే, నాలుగు వాక్యాలు. మామయ్య అక్కడ వేలు పెట్టి ఆపాడు.

అత్తయ్య పెట్టె ఎప్పుడో పక్కన పెట్టేసింది.

"ఆ డేగిసాలో సూపు ఉందా? అది ఎవరైనా తాగారా?" అని అడిగింది.

మామయ్య కింద పేరా వెతికి చూశాడు. ఆ రాత్రి నది ఇవతల పటాలమంతా కూర్చుని ఆ సూపు తాగారని రాసి ఉంది. ఎవరూ మాట్లాడలేదట, చుక్క మిగల్చలేదట. అది చదివాడు.

"అయితే సరే," అంది అత్తయ్య. ముక్కు తుడుచుకుంది. కాసేపు ఏడ్చింది కూడా, వంటాయన కోసమో, వాళ్ళమ్మ కోసమో, పరీక్ష కోసం దాచుకున్న ఏడుపో. తర్వాత పెట్టె స్విచ్చి వేసింది. ఆవిరి వచ్చేదాకా ఆగి, బల్ల కింద డబ్బాలోంచి కొత్త పిన్నీసు ఒకటి తీసి, మామయ్య చేతిలో పెట్టింది.

"పాతది తుప్పు పట్టింది. ఇది పెట్టండి. రేపట్నుంచి వంటాయన్ని మళ్ళీ రానివ్వండి," అంది. "కాకపోతే ఇకమీదట నాకు తెలిసే రావాలి."

మామయ్య ఆ పేజీని పక్క పేజీతో కలిపి జాగ్రత్తగా పిన్నీసు గుచ్చాడు. అత్తయ్య కొత్త చొక్కా ఒకటి బల్ల మీద పరిచి కాలర్ దగ్గర మొదలుపెట్టింది.